ఐసునీళ్ళు పోయనివ్వలేదు

నాకు వడదెబ్బ తగిలిందంటే నవ్వినవాళ్ళున్నారు. వడదెబ్బ అనేది మట్టి పనికి వెళ్ళే కూలీలకో, ఎండలో బస్సు కోసం నిలబడ్డ ముసలివాళ్ళకో తగలాలి గానీ, బ్యాంకులో ఏసీ కింద కూర్చునే నలభై రెండేళ్ళ ఆడమనిషి మంచి బూట్లు తొడుక్కుని, ఫీజు కట్టి మరీ తెచ్చుకోవడమేమిటని వాళ్ళ నవ్వు. నవ్వుకోనివ్వండి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నా విషయంలో వినేవాళ్ళకే నేను లోకువైపోయాను, ఎందుకంటే నాకు నోరు తిరగదు.

గండం గడిచింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో సగం మాటలు నోటితో చెప్పాలంటే ఈ రోజుకీ నా వల్ల కాదు. వేళ్ళు మాత్రం ఫోను మీద నెమ్మదిగా, చెప్పినట్టు వింటున్నాయి. రాయడానికి కారణాలు రెండు. ఈ కోపాన్ని ఎక్కడో ఒకచోట దించుకోవాలి. రెండోది, మళ్ళీ ఎండలు ముదురుతున్నాయి, మీ ఇళ్ళలోనూ పరుగెత్తే పిల్లలున్నారు.

మాది తెనాలి దగ్గర ఊరు. పెళ్ళయిన కొత్తలో మా ఆయన ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి, చివరికి పేట్ బషీరాబాద్‌లో ఒక కాలనీలో ఇల్లు కొనుక్కున్నాం. మా అమ్మాయి హారిక ఇంటర్ చదువుతోంది. కౌంటరులో కూర్చుని కూర్చుని నాకు నడుంనొప్పి పట్టుకుంటే డాక్టరు ఈత నేర్చుకోమన్నాడు. ఈత దగ్గర స్వరూప పరిచయమైంది. కౌకూర్‌లో బ్లౌజులు కుట్టే షాపు ఆమెది. నాకంటే ఆరేడేళ్ళు చిన్నది, నోరూ చెయ్యీ రెండూ చురుకే. నన్ను ఈతలోంచి సైకిలు మీదికి, సైకిలు మీంచి పరుగులోకి లాగింది ఆమే. మూడూ కలిపి ఒకే పోటీగా ఆడతారని, దాన్ని ట్రయాథ్లాన్ అంటారని నాకు చెప్పింది కూడా ఆమే. ముందు ఈత, ఒంటిమీద తడి ఆరకముందే సైకిలు, సైకిలు దిగీ దిగగానే పరుగు. మాలాంటి ఉద్యోగస్తుల కోసం అందులో పొట్టి రకం ఒకటుంది. రెండేళ్ళు సాధన చేశాను. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు అడగకుండా.

మే

పోటీ షామీర్‌పేట అవతల ఒక రిసార్టులో పెట్టారు. వేసవి సెలవులైతే జనం వస్తారని మే నెలలో పెట్టారట. పొద్దు పొడవగానే మొదలు, ఎండ ముదిరేలోపు అందరూ ఇళ్ళకు పోవచ్చన్నారు. మేం చీకటితోనే లేచి వెళ్ళాం. మా ఆయన కూడా వచ్చాడు. ఫ్లాస్కులో కాఫీ, నాకు మార్చుకునే బట్టలు, ఒక గొడుగు. నేను ఏ పోటీకి వెళ్ళినా ఆయన ఇలాగే వచ్చి షామియానా కింద కూర్చుని, నేను కనబడినప్పుడల్లా చెయ్యి ఊపుతాడు.

పొద్దు పొడిచింది. పోటీ మాత్రం మొదలు కాలేదు. ముఖ్య అతిథి రాలేదు. ఆయన వచ్చి జెండా ఊపితే గానీ మేం నీళ్ళలోకి దిగకూడదట. మైకు పట్టుకున్నాయన "ఇప్పుడే బయల్దేరారు, మేడ్చల్ దాటారు, వచ్చేస్తున్నారు" అని మూడుసార్లు చెప్పాడు. మధ్యలో పాటలు. వందమందిమి ఈత బట్టల్లో, గచ్చు మీద ఉత్తకాళ్ళతో నిలబడి ఆయన కోసం గేటు వంక చూశాం.

"అక్కా, పొద్దు నెత్తికెక్కుతాంది. గీ సారు ఎప్పుడొస్తడో ఏమో. ఉరుకుడు కాడికి మస్తు ఎండ అయితది సూడు," అంది స్వరూప.

"పోనీలే, అందరికీ ఒకటే ఎండ," అన్నాను.

ఆయన వచ్చాడు. జ్యోతి వెలిగించారు. ఇద్దరు ముగ్గురికి శాలువాలు కప్పారు. ఆరోగ్యమే మహాభాగ్యం అని ఆయన మాకు చాలాసేపు చెప్పాడు. ఫోటోలయ్యాయి. జెండా ఊపి, కారెక్కి, వెళ్ళిపోయాడు. ఆయన పేరు రాయను. రాసినా ఆయనకు పోయేదేమీ లేదు, నాకు వచ్చేదీ లేదు. మేం నీళ్ళలోకి దూకేసరికి పాదాల కింద గచ్చు కాలుతోంది.

ఈత బాగానే జరిగింది. సైకిలు మీద లాల్‌గడి మలక్‌పేట్ వైపు వెళ్ళేటప్పుడు గాలి ఉంది, వచ్చేటప్పుడు అదే గాలి పొయ్యి మూత తీసినట్టు ముఖాన కొట్టింది. నీళ్ళు తాగాను. ఈ సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నేను నీళ్ళు తాగలేదని తర్వాత నిర్వాహకులు ఊరంతా చెప్పుకున్నారు. రెండు సీసాలూ ఖాళీ చేశాను.

పరుగు సగానికి వచ్చేసరికి చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. చలేసింది. మే నెల ఎండలో, తారురోడ్డు మీద నాకు చలేసింది. మీకెవరికైనా ఇలా అయితే అక్కడే ఆగిపోండి. నేను ఆగలేదు. ఒళ్ళు చల్లబడుతోంది కాబోలు, మంచిదే అనుకున్నాను. రోడ్డు పక్కన గోనెపట్టా పరుచుకుని ఒకామె తాటిముంజలు అమ్ముతోంది. ఆమె నన్ను చూసి ఏదో అంది. నాకు మాట వినబడింది గానీ అది ఏ భాషో తెలియలేదు. నాకున్న చివరి జ్ఞాపకం అదే. ఆ తర్వాత నేను పక్కకు పక్కకు పరుగెత్తానట, మంచినీళ్ళ గ్లాసు అందించబోయిన కుర్రవాణ్ణి బూతులు తిట్టానట, ముగింపు గీత కనబడుతుండగా బోర్లా పడ్డానట. పుట్టి బుద్ధెరిగాక నేను ఎవర్నీ బూతులు తిట్టలేదు.

జూన్

కళ్ళు తెరిచేసరికి సుచిత్ర చౌరస్తా దగ్గర పెద్దాసుపత్రిలో ఉన్నాను. గొంతులో గొట్టం, చేతులు మంచానికి కట్టేసి ఉన్నాయి. నేను ఉలిక్కిపడి గొట్టాలు పీకేస్తున్నానని కట్టేశారట. దాదాపు రెండు వారాలు గడిచిపోయాయని నర్సు చెప్పింది. అందులో ఒక్క పూట కూడా నా లెక్కలో లేదు.

ఆ రెండు వారాలు గడిచింది నాకు కాదు, బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకు. హారిక తర్వాత చెప్పింది. ఐసీయూ బయట ఇనప కుర్చీలు, నేల మీద పరుచుకున్న దుప్పట్లు, మైకులో పేరు పిలిస్తే చాలు అందరి ముఖాలూ ఒకేసారి పాలిపోవడం. పిలుపు మనది కాకపోతే ఊపిరి పీల్చుకోవడం, పీల్చుకున్నందుకు సిగ్గుపడటం. మా ఆయన నా బూట్లున్న సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడట. ఇంటికి తీసుకెళ్ళమన్నా ఇచ్చేవాడు కాదట. తూప్రాన్ వైపు నుంచి వచ్చిన ఒకామె భర్త కోసం అక్కడే ఉండేది. హారిక తిండి మానేసిందని చూసి, తన గిన్నెలో పెరుగన్నం ముద్దలు చేసి చేతిలో పెట్టిందట. "తిను బిడ్డా. నువ్వు కడుపు మాడ్సుకుంటే మీయమ్మ లేస్తదా? తిను," అందట. మూడోనాటికి ఆమె కుర్చీ ఖాళీ అయింది. ఆమె భర్త ఏమయ్యాడో మా పిల్లకు అడిగే ధైర్యం లేకపోయింది. ఆ ముద్దలు మాత్రం నాకు రుణం. ఈ కథలో నేను తిట్టుకోకుండా తలుచుకునే మనుషులు తక్కువ, ఆమె ఒకతి.

గొట్టం తీసిన రోజు మొదట హారిక పేరు పిలిచాను. నా చెవులకు నేను "హారిక" అన్నట్టే ఉంది. గదిలో వాళ్ళకు పూటుగా తాగినవాడి గొణుగుడులా వినబడింది. పిల్ల నవ్వబోయి, నాన్న ముఖం చూసి, ఏడ్చింది. లేచి నిలబడబోతే గది పక్కకు ఒరిగిపోయింది. లివరు, కిడ్నీలు దారిలో పడ్డాయని, వేడికి చిన్నమెదడు దెబ్బతిందని, మాటా నడకా దాని చేతిలోనే ఉంటాయని డాక్టరు చెప్పాడు. ఎంత వెనక్కి వస్తుందన్నది ఏడాది గడిస్తే గానీ తెలియదట. ఏడాదిలో రానిది ఇక రాదట. ఆ మాట ఆయన కిటికీ వంక చూస్తూ అన్నాడు.

ఈలోగా పోటీ నిర్వాహకులు పోటీదారుల వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం పెట్టారు. ఒక పోటీదారు తగినన్ని నీళ్ళు తాగనందువల్ల స్వల్ప అస్వస్థతకు గురయ్యారట. పోటీ దిగ్విజయంగా ముగిసిందట. కింద నూట చిల్లర చప్పట్లు, నాలుగు దణ్ణాలు. వాళ్ళు 'స్వల్ప' అని రాసిన పూట నాకు మిషను ఊపిరి పోస్తోంది.

ఇంటికొచ్చాక పలకరింపులు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. మా ఆడపడుచు విజయవాడ నుంచి దిగింది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల! ఆడదానికి ఈ వయసులో ఈ పరుగులేమిటమ్మా?" అని గుమ్మంలోనే మొదలుపెట్టింది. నా పరుగుల మీద మొగుడికి లేని అభ్యంతరం ఈవిడకెందుకో! కందకు లేని దురద కత్తిపీటకెందుకు అందామనుకున్నాను. 'కం' దగ్గరే ఆగిపోయింది. కఫం అడ్డుపడిందనుకుని ఆవిడ గోరువెచ్చని నీళ్ళు తెచ్చిచ్చింది.

వచ్చిన ప్రతివాళ్ళకూ మా ఆయన ఆ రోజు కథ చెప్పేవాడు. నేను దిండుకు చేరగిలబడి వినేదాన్ని.

"షామియానా కింద పడుకోబెట్టారండీ. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఈవిడ ఫ్రెండు ఒకమ్మాయి, మజ్జిగ ప్యాకెట్లు వేసిన ఐసు టబ్బు లాక్కొచ్చి మీద గుమ్మరించబోయింది. నేనే అడ్డుపడ్డాను. అంత వేడి మీద చన్నీళ్ళు పడితే ఇంకేమైనా ఉందా? గుండె ఆగిపోదూ! పైగా మనిషి వణికిపోతోంది. అతిథులకు కప్పగా మిగిలిన శాలువా ఒకటి కనబడితే కప్పాను. నుదుటి మీద తడిగుడ్డ వేశాను. అంబులెన్సు ఎక్కడో సైకిళ్ళ దారి చివర పెట్టారు, అది వచ్చేదాకా ఎవ్వర్నీ ఆ నీళ్ళు పోయనివ్వలేదు. ఐసీయూలో డాక్టరే అన్నాడు, బతకడం అదృష్టమని."

"నువ్వు పక్కనుండబట్టి సరిపోయింది రా," అనేది వాళ్ళ అక్క.

నేనూ నమ్మాను. ఒకరోజు ఆయన చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాను కూడా. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆయన చేసినంత సేవ ఎవరూ చెయ్యరు. తల దువ్వాడు, స్నానం చేయించాడు, బాత్రూముకు నడిపించాడు. నా గొణుగుడు అర్థమయ్యే మనిషి ఈ భూమ్మీద ఆయనొక్కడే. నేను ఏదో అంటే కన్న కూతురే "నాన్నా, అమ్మ ఏమంటోంది?" అని అడిగేది. "ఫ్యాను తగ్గించమంటోంది", "పప్పులో ఉప్పు లేదంటోంది" అని ఆయన చెప్పేవాడు. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. చెడ్డవాడైతే ఎంత హాయిగా ఉండేది, నాలుగు శాపనార్థాలు పెట్టి ఊరుకునేదాన్ని.

ఆగస్టు

నరాల డాక్టరుకు మొదటిసారి చూపించుకోవడానికి వెళ్ళాం. వెయిటింగ్ హాల్లో టోకెను పట్టుకుని కూర్చున్నాం. గోడకు టీవీ, దానికి మాట లేదు, నాలాగే. పేరు పిలిచాక నేను కాళ్ళు ఎడంగా వేసుకుంటూ తూలుతూ వెళుతుంటే, ఒకాయన తన పక్కావిడ చెవిలో ఏదో అన్నాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ళేమనుకున్నారో నాకు తెలుసు. మా ఆయనకూ తెలుసు. "ఆవిడకు ఒంట్లో బాగాలేదండీ," అని వాళ్ళకు వినబడేలా చెప్పాడు. అలా సంజాయిషీ ఇవ్వడం నాకు ఇంకా అవమానమనిపించింది.

డాక్టరు చిన్నపిల్ల, ముప్ఫై అయిదు దాటి ఉండవు. పడిపోయిన ఎంతసేపటికి ఒళ్ళు చల్లబరిచారని అడిగింది. మా ఆయన ఉత్సాహంగా మొత్తం కథ చెప్పాడు. టబ్బు, అడ్డుపడటం, శాలువా. ఆ అమ్మాయి రాస్తున్న పెన్ను ఆపి, ఆయన వంక చూసి, నా వంక చూసింది.  స్కానింగుకు పేరు రాయించి రమ్మని ఆయన్ని కింద కౌంటరుకు పంపింది. తలుపు మూసుకున్నాక కుర్చీ నా దగ్గరకు జరుపుకుంది.

"పద్మజగారూ, మీకెవరూ చెప్పలేదా?"

ఏమిటన్నట్టు చూశాను.

"ఆ ఐసునీళ్ళే అప్పుడు చెయ్యాల్సిన వైద్యం. ఆసుపత్రికి తీసుకురావడం కూడా దాని తర్వాతే. ముందు ఒళ్ళు చల్లబడాలి. ఎంతసేపు అలా కాలితే మెదడుకు అంత నష్టం."

పోసి ఉంటే నాకిలా అయ్యేది కాదా అని అడిగాను. రెండుసార్లు అర్థం కాలేదు ఆమెకు. మూడోసారి అర్థమైంది.

"ఖాయంగా అలా అనలేనండీ. బహుశా ఇంత అయ్యేది కాదు. అంతవరకే చెప్పగలను." తలుపు వంక చూసి అడిగింది. "ఆయనకు నేను చెప్పనా?"

వద్దని తల ఊపాను.

ఎందుకు వద్దన్నానో మీకు చెప్పాలి. ఆయన మీద జాలి కాదు. ఆ మాట నేను చెప్పాలి, నా నోటితో చెప్పాలి. ఎవరు చేసిన పనికి నా నోరు పోయిందో వాళ్ళ ముఖాన ఆ నోటితోనే అనాలి. ఫోనులో రాసి చూపించొచ్చు కదా అంటారేమో. చూపించొచ్చు. ఆయన కళ్ళజోడు వెతుక్కుని, చదువుకుని, ఫోను బల్ల మీద పెట్టేస్తాడు. నాకు అది చాలదు. అప్పటి నుంచి నాకు బతుకులో ఒకటే పని. నాలుక వెనక్కి రావాలి, ఆ ఒక్క మాటకు సరిపడా అయినా రావాలి. డాక్టరు చెప్పిన ఏడాదిలోనే రావాలి.

కిందకు దిగాక ఆయన అడిగాడు. "ఏమంది డాక్టరు?"

"ఎక్సర్‌సైజులు," అన్నాను. ఆ ఒక్క మాటకే ఊపిరంతా అయిపోయింది.

మాట నేర్పడానికి వారానికోసారి ఒకామె వచ్చేది. రోజూ వాడే వాక్యం ఏదో ఒకటి ఎంచుకుని పదే పదే అనమంది. ఆమె ముందు 'నాకు మంచినీళ్ళు కావాలి' అని సాధన చేసేదాన్ని. ఆమె వెళ్ళాక బాత్రూములో కుళాయి తిప్పి నా వాక్యం నేను చెప్పుకునేదాన్ని. 'ఆ నీళ్ళు పోయనివ్వాల్సింది. మీరే అడ్డుపడ్డారు.' నీళ్ళు అనేది మొదట 'ఈయూ' అని వచ్చేది. అడ్డుపడ్డారు అనేది నెల రోజులు అసలు రానేలేదు.

దసరా తర్వాత

స్వరూప ఇన్నాళ్ళూ రాలేదు. ఆసుపత్రిలో బయటి నుంచి చూసి వెళ్ళిందట, ఇంటికి మాత్రం రాలేదు. దసరా వెళ్ళాక ఒక మధ్యాహ్నం జామకాయల కవరు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మని చెయ్యి ఊపాను. వచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చుని, నా పాదం పట్టుకుని ఏడ్చింది.

"మొఖం జెల్లక రాలే అక్కా. టబ్బు గుంజుకొచ్చింది నేనే. నిన్ను వట్టుకుంటె చెయ్యి గాలింది. సల్లగ జెయ్యాలె గదా అనుకున్న, అంతే, నాకేం ఎరుక. బావ ఉరికొచ్చి నా రెట్ట వట్టుకున్నడు. 'సంపుతవా ఏంది' అన్నడు. ఆడున్నోళ్ళు గూడ అందరు గట్లనే అన్నరు. వేడి మీద సల్లనీళ్ళు వోస్తె పక్షవాతం వస్తదని ఒకలు, గుండె ఆగుతదని ఒకలు. మైకు వట్టుకున్నాయన గూడ వద్దన్నడు. ఇగ నేను ఆగిన."

నా మాట ఆమెకు అర్థం కాదు కాబట్టి ఫోనులో రాసి చూపించాను. ఎందుకు ఆగావు?

చదివి కళ్ళు తుడుచుకుంది. "నీ మొగడు గదక్కా. మొగడే వద్దంటుంటె పొయ్యనీకి నేనెవర్ని?"

 ఆ షామియానా కింద వందమంది ఉన్నారు. అందరికీ తోచింది అదే. ఆడమనిషి తెలివి తప్పి పడిపోతే ఆమె ఒంటి మీద హక్కు పక్కనున్న మొగుడిది. నీళ్ళు పోయాలా వద్దా ఆయన చెప్పాలి. నేను పోటీకి పేరు ఇచ్చేటప్పుడు ఎవరి అనుమతీ అడగలేదు. పడిపోయాక మాత్రం ఆయన అనుమతి కావాల్సి వచ్చింది.

అంతలో మా ఆయన మా ఇద్దరికీ కాఫీ కలిపి తెచ్చాడు. స్వరూప ఏడవడం చూసి ఆయన మనసు కరిగింది. "ఊరుకోమ్మా. నీ మీద నాకేం కోపం లేదు. తెలియక చెయ్యబోయావు. అదృష్టం బాగుండి నేను చూశాను కాబట్టి సరిపోయింది," అన్నాడు.

స్వరూప కాఫీ గ్లాసు పట్టుకుని నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను. ఆమె జాకెట్లు కుట్టాలని చెప్పి గబగబా వెళ్ళిపోయింది.

ఆ చలికాలం మా ఇంట్లో ఎలా గడిచిందో వివరంగా రాయను. బ్యాంకు వాళ్ళు నన్ను కౌంటరు నుంచి తీసి వెనక గదిలో కాగితాల దగ్గర వేస్తామన్నారు, అదీ నేను నడిచి రాగలిగినప్పుడు. నాకు ముక్కు మీద కోపం. కంచం తోసేశాను, మందుల డబ్బా విసిరేశాను. ఆయన మెతుకులూ మాత్రలూ ఏరి, నేల తుడిచి, హారికను పక్కకు తీసుకెళ్ళి చెప్పాడు. "మెదడుకు దెబ్బ తగిలితే కోపం ఎక్కువవుతుందట తల్లీ. అమ్మ మాటలు పట్టించుకోకు." నా కోపం కూడా జబ్బు ఖాతాలో పడిపోయింది. ఇంత న్యాయమైన కోపం నాకు జన్మలో ఎప్పుడూ రాలేదు, దానికేమో పొద్దునొకటి రాత్రొకటి మాత్రలు.

మార్చి

చేతికర్రతో నడుస్తున్నాను. మాట చాలావరకు వచ్చింది. నిదానంగా, ఎదుటివాళ్ళు ఓపికపడితే, పది మాటల్లో ఏడు అర్థమవుతాయి. కోపం వచ్చినా కంగారు పుట్టినా మళ్ళీ మొదటికే, నాలుక ముద్దయిపోతుంది. నా వాక్యం బాత్రూములో దాదాపు స్పష్టంగా అంటున్నాను. ఉగాది వెళ్ళాక, హారిక ఇంట్లో లేని పూట చూసి ఆయనతో అనాలని నిశ్చయించుకున్నాను.

ఈలోపు కాలనీ సంఘం వాళ్ళు ఒక ఆదివారం సాయంత్రం క్లబ్‌హౌస్‌లో మీటింగు పెట్టారు. ఏప్రిల్ నుంచి పిల్లలకు ఈత, పరుగు నేర్పిస్తారట. ముందుగా తల్లిదండ్రులకు వడదెబ్బ జాగ్రత్తలు ఎవరైనా చెబితే బాగుంటుందనుకున్నారట. ఎవరు చెబుతారు? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పాలి. కాబట్టి మా ఆయన చెబుతాడు. అనుభవించిన మనిషిని మాత్రం ముందు వరుసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

నలభై యాభైమంది ఉన్నారు. పిల్లలు చాపల మీద. ఆయన మైకు తీసుకుని నీడ గురించి, టోపీ గురించి, మజ్జిగ గురించి చెప్పాడు. అన్నీ సరైన మాటలే. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. పిల్లాడు ఎండకు పడిపోతే చుట్టూ ఉన్నవాళ్ళు కంగారులో చన్నీళ్ళో ఐసునీళ్ళో తెచ్చి పోసేస్తామంటారు. పోయనివ్వకండి. ఆ రోజు నేను అడ్డుపడబట్టే మా పద్మజ ఇవాళ మీ ముందు కూర్చుని ఉంది."

చప్పట్లు కొట్టారు. నా పక్కనున్న తల్లి తన కొడుకు వైపు తిరిగి "విన్నావా?" అంది. వాడు బుద్ధిగా తల ఊపాడు. ఎనిమిదేళ్ళుంటాయేమో వాడికి.

నేను లేచాను. కర్ర జారి కింద పడింది, కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. ఇంట్లో, తలుపు మూసి, ఆయనొక్కడికే అనాలనుకున్న మాట అది. ఇలా అందరి ముందు కాదు. కానీ ఆ పిల్లవాడు తల ఊపాక ఆగే వీలు లేదు. అన్నాను. మొత్తం అన్నాను. నెలల తరబడి సాధన చేసిన వాక్యం కోపానికి నోట్లోనే చితికిపోయింది. ముద్ద ముద్దగా, ఎంగిలి కారుతూ బయటికొచ్చింది. గదిలో ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఏమంటున్నారు మేడం?" అన్నాడు సంఘం సెక్రటరీ. నన్ను కాదు, మా ఆయన్ని అడిగాడు. అలవాటు ప్రకారం అందరూ ఆయన వంకే తిరిగారు.

ఆయనకు అర్థమైంది. ముఖం చూస్తేనే తెలుస్తోంది. మైకు పట్టుకున్న చెయ్యి కిందకు దిగిపోయింది. ఫ్యాను వెయ్యమంటోందని చెప్పొచ్చు, ఇంటికి వెళదామంటోందని చెప్పొచ్చు. నమ్మేవాళ్ళు యాభైమంది ఉన్నారు, కాదనడానికి నాకు నోరు లేదు. ఆయన నా వంక చూస్తూ ఉండిపోయాడు. 

"డాక్టరు చెప్పిందా?" అని అడిగాడు, మైకులో కాదు, నన్ను. తల ఊపాను. "ఎప్పుడు?" అన్నాడు. 

అప్పుడు మైకు పైకెత్తాడు.

"ఆ నీళ్ళు పోయనివ్వాల్సింది, మీరే అడ్డుపడ్డారు అంటోందండీ," అన్నాడు. ఒక్క ముక్క మార్చలేదు.  "ఇందాక నేను చెప్పింది తప్పు. పిల్లలెవరైనా అలా పడిపోతే ముందు చన్నీళ్ళు పోయండి. ఎవరైనా అడ్డొస్తే, ఇంటాయనైనా సరే, పక్కకు తోసేసి పోయండి."

ఆ చివరి మాట నేను అనలేదు.